మొరాయించిన కారు

తప్పు ఎక్కడ నున్నదో వెదకుట యొక పని. తప్పు ఎవరిదో వెదకుట మఱియొక పని. ఈ రెండును వేఱువేఱని, చాలకాలము పిల్లలకు పాఠములు చెప్పిన నాకు, 2024వ సంవత్సరపు క్రిస్మసు నాటి తెల్లవారుజామున గాని బోధపడలేదు. దానిని బోధించినది గ్రంథము గాదు. హత్నూరలో మా యింటి ముంగిట మొరాయించి నిలిచిన యొక పాత కారు. ఈ కథ నాకు గౌరవము తెచ్చునది గాదు. అయినను చదువుకొను బాలబాలికలకు కొంత యుపయోగపడవచ్చునని తలంచి మన పత్రికకు వ్రాయుచున్నాను.

మాది మారుతి 800 కారు. 1983 డిసెంబరులో ఈ జాతి కార్లు మొదటిసారి మన దేశపు బాటల మీదికి వచ్చెను. 2014లో వాని తయారు నిలిచిపోయెను. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల యింజను గల యీ చిన్న బండిలో దాచిన రహస్యము లెవ్వియు లేవు. బానెట్టు ఎత్తినచో అన్నియు కంటి కగపడును, చేతి కందును. అందుచేతనే నావంటివానికి దానిని విప్పవలెనను ఆశ పుట్టును. తెలిసినంత కొంచెమే యైనను, అంతయు తెలిసినట్లు తోచును.

ఆ క్రిస్మసునకు మా యింట నొక ప్రత్యేకత యుండెను. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కావున ఆ నాటికి సరిగా నూఱేండ్లు నిండినవి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దానిని కట్టించిన కాలమున, కఱవుచే పీడింపబడిన జనులకు ఆ కట్టడమే కూలియు కూడును అయ్యెనని మా ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. మా తల్లికి ఎనుబదియవ యేడు నడచుచుండెను. ఆమె నాయనమ్మ ఆ పనిలో సున్నము మోసి గింజలు తెచ్చి పిల్లలను బ్రతికించెనట. "నూఱేండ్ల దినమున తెల్లవారుజాము ఆరాధనలో నేను కూర్చుండవలెను కొడుకా, ఆమె బదులు నేను కూర్చుండవలెను" అని మా తల్లి ఆఱు నెలలుగా చెప్పుచుండెను. ఆమె మోకాళ్లు బస్సు మెట్లెక్కుటకు ఒప్పుకొనవు. అంత చీకటితో బస్సులును లేవు. అద్దె కార్లన్నియు పండుగకై ముందే మాటయిచ్చియుండెను. కనుక మా పాత కారే మాకు దిక్కు.

చలి ముదిరిన నాటినుండి మా కారు సెల్ఫు కొట్టునపుడు మూలుగసాగెను. డిసెంబరు 23న బానెట్టు ఎత్తి చూడగా, బ్యాటరీ క్రింది రేకు ఆమ్లము తగిలి తుప్పు పట్టి పొరలుపొరలుగా ఊడుచుండెను. దాని సమీపముననే, ఇంజనునుండి వచ్చి బండి దేహమునకు బిగింపబడిన ఎర్తు తీగ కొనకు పచ్చని చిలుము పట్టియుండెను. మెకానికు నొద్దకు పోవుటకు నాకు తీరిక లేక కాదు; ఈ మాత్రము నేనే చేయగలనను గర్వము. మా పొరుగింటి బాలుడు, మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువువాడు, నాకు సాయము వచ్చెను. తుప్పంతయు గీకితిమి, చిలుమంతయు తోమితిమి. అంతటితో ఆగియుండినచో ఈ వ్యాసము లేదు. కాని, ఇక మఱల తుప్పు పట్టరాదని యెంచి, నేను నల్లని రంగు డబ్బా తెచ్చి, రేకునకును, తీగ కొననున్న బిళ్లకును, అది కూర్చుండు చోటునకును, బోల్టునకును మూడు పూతలు పూసితిని. రంగు బాగుగా ఆరిన తరువాత 24వ తేది సాయంకాలమున అన్నిటిని బిగించితిమి. బ్యాటరీ తీగలను నేను చెప్పినట్లు ఆ బాలుడే బిగించెను. తరువాత బండిలో కూర్చుండి కొంతసేపు క్రిస్మసు పాటలు వినెను. పాట వినిపించుచున్నది గదాయని, తాళము త్రిప్పి ఇంజనును నడిపి చూడనైన చూడక, పని ముగిసినదని నేను ఇంటిలోనికి పోయితిని. చూచుటకు పని మిక్కిలి అందముగా నుండెను.

మఱునాడు తెల్లవారుజామున మూడున్నర గంటలకు మా తల్లి శాలువ కప్పుకొని వెనుక పీటలో కూర్చుండెను. ఆ బాలుడును మాతో మెదకునకు వచ్చుటకై కొత్త చొక్కా తొడిగికొని నిలిచియుండెను. తాళము త్రిప్పితిని. లోపల టక్కుమని యొక శబ్దము, అంతే. మఱల త్రిప్పితిని. మఱల టక్కు. తోసి నడిపింతమన్నను వీలు లేదు. మంచినీటి గొట్టములకై మా వీధి త్రవ్వి మెత్తని మన్ను పోసియుండిరి. ఇద్దఱము ఎంత తోసినను చక్రములు మంటిలో దిగుటయే గాని బండికి వేగము రాలేదు.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమి? ఇంజను వైపు చూచుట గాదు. బాలుని వైపు చూచుట. "రాత్రి పాటలు విని బ్యాటరీ అంతయు దింపివైచితివి గదరా!" అంటిని.

"అర్ధగంట కూడ వినలేదు సార్. లైట్లు మంచిగనే వెలుగుచున్నవి గద" అని వాడు మెల్లగా ననెను.

నిజమే. ముందు దీపముల వెలుతురు మా ప్రహరిగోడ మీద పట్టపగలువలె పడియుండెను. వాని నిర్దోషిత్వమునకు సాక్ష్యము నా కన్నుల యెదుటనే యుండెను. అయినను, "పెద్దలకు ఎదురు చెప్పకుము; అట్లయినచో తీగలు సరిగా బిగింపలేదు" అని నేరమును మార్చితిని గాని నేరస్థుని మార్చలేదు. తీగలను పట్టి చూచితిని, గట్టిగానే యుండెను. అయినను వాని తప్పేదో యొకటి యుండకపోదని నా మనస్సు పట్టుపట్టెను.

పిమ్మట రెండు గంటలు నేను చేసినవి చెప్పుటకే సిగ్గగుచున్నది. ప్లగ్గులు విప్పి తుడిచితిని. సెల్ఫు మోటారును కఱ్ఱతో తట్టితిని. పెట్రోలు గొట్టము ఊడదీసి మఱల తగిలించితిని. ఇంజను ఒక్క చుట్టైనను తిరుగనప్పుడు ప్లగ్గులకును పెట్రోలుకును దానితో పని యేమి యని ఆలోచింపలేదు. ఒకటి చేసి ఫలితము చూచి మఱియొకటి చేయుట గాక, అన్నిటిని ఒక్కమారు కలచివైచితిని. నడుమ నడుమ తాళము త్రిప్పుచునే యుంటిని.

టార్చి పట్టుకొని నిలిచిన బాలుని చేయి ఇంతలో ఒక తీగకు తగిలెను. వాడు ఉలికిపడి, "సార్, ఈ క్లచ్చి వైరు కాలుచున్నది" అనెను.

"దానిని ముట్టుకొమ్మని నీకెవరు చెప్పిరి?" అని కసరితిని. వాడు టార్చిని బండి అంచున పెట్టి, పోయి గేటు మెట్టు మీద కూర్చుండెను. చీకటిలో వాడు కన్నులు తుడుచుకొనుట నేను చూచితిని, చూడనట్లు నటించితిని.

అంతవరకును మాటాడని మా తల్లి అప్పుడు, "కొడుకా, దీపము పట్టినవానిని తిట్టితే దారి కనబడుతదా?" అనెను. నాకు జవాబు తోచలేదు.

తెల్లవారెను. ఏడు గంటలకు ఆ బాలుని తండ్రి రాత్రి పని ముగించుకొని వచ్చెను. అతడు పటాన్‌చెరువు ప్రాంతపు ఒక కర్మాగారములో విద్యుత్పరికరముల పని చేయువాడు. గేటు దగ్గఱ ఏడ్చి ఉబ్బిన కన్నులతో నున్న కొడుకును చూచెను. చేతులకు మసి పూసికొనిన నన్ను చూచెను. అంతయు గ్రహించియుండవలెను. కాని ఎవరేమి చేసిరని యడుగలేదు. "ఏమేమి విప్పిన్రు సార్?" అని మాత్రమే యడిగెను.

ఆ ప్రశ్నకును నా ప్రశ్నకును గల భేదమును గమనింపుడు. నేను మూడు గంటలుగా 'ఎవరు' అని యడుగుచుంటిని. అతడు 'ఏమి' అని యడిగెను. అతడు ఆ పిదప చేసినదంతయు పది నిమిషముల పని.

మొదట పెద్ద దీపములు వెలిగించి నన్ను తాళము త్రిప్పుమనెను. బ్యాటరీ దిగియున్నచో ఆ క్షణమున దీపములు దాదాపు ఆఱిపోవలెను. అవి ఇసుమంత తగ్గి యట్లే నిలిచెను. "బ్యాటరీ దిగలేదు సార్" అనెను. ఆ యొక్క మాటతో బాలుడు విడుదలయ్యెను. తరువాత మల్టీమీటరు తెచ్చి బ్యాటరీ రెండు కొనల నడుమ పెట్టగా 12.5 వోల్టులు చూపెను; అది నిండు బ్యాటరీకి దగ్గఱ. పిమ్మట మీటరు యొక్క ఒక సూదిని బ్యాటరీ ఋణకొన మీదను, రెండవ దానిని ఇంజను లోహము మీదను ఉంచి, మఱల తాళము త్రిప్పించెను. దారి బాగుగా నున్నచో ఆ రెండింటి నడుమ అర వోల్టైనను ఉండరాదు. అంకె పది దాపునకు ఎగబాకెను. "కరెంటు పోతున్నది గాని తిరిగి వస్తలేదు. ఏ వైరన్న కాలినదా సార్?" అని యడిగెను.

నేను నోరు తెఱవకముందే, గేటు మెట్టు మీదనుండి "క్లచ్చి వైరు నాయినా" అని బాలుని గొంతు వినబడెను.

చదువరులు గ్రహించుటకై సంగతిని కొంచెము విప్పి చెప్పెదను. విద్యుత్తు బ్యాటరీ ధనకొననుండి బయలుదేరి, పని చేసి, మఱల ఋణకొనకు చేరవలెను. పోవు దారి యెంత ముఖ్యమో, వచ్చు దారియు అంత ముఖ్యము. కారులో వచ్చు దారి బండి దేహమే. కాని ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుండును గనుక, దానికిని దేహమునకును సంబంధము కలుపుటకు ఒక లావైన ఎర్తు తీగను బిగింతురు. ఆ తీగ బిళ్ల లోహమునకు లోహము తగులునట్లు కూర్చుండవలెను. నేను ఆ నడుమ మూడు పూతల రంగు పెట్టితిని. రంగు విద్యుత్తును పోనీయదు. బోల్టు మరల సందున ఎక్కడనో రవ్వంత లోహము తగిలి కొంచెము విద్యుత్తు పోవుచుండెను గాని, సెల్ఫు మోటారునకు అది చాలదు. పెద్ద దీపములు రెండింటికిని కలిపి పది ఆంపియర్లు చాలును; పైగా వాని దారి ఇంజను గుండ పోదు. సెల్ఫు మోటారో, నూఱు ఆంపియర్ల కటునిటుగా అడుగును. అంత ప్రవాహము తన దారి మూసికొనిపోగా వేఱు దారి వెదకికొని, ఇంజనును దేహమును కలుపుచున్న సన్నని క్లచ్చి తీగ గుండ దూరెను. ఆ పనికై పుట్టని ఆ తీగ వేడెక్కెను. నేను ఇంకను పట్టుదలతో తాళము త్రిప్పుచు పోయినచో, దాని పైతొడుగు కరగి పొగ లేచియుండును. బాలుని చేతికి తగిలిన వేడి ఆ దినపు సత్యమంతటికి తాళపుచెవి; దానినే నేను కసరి గేటు దగ్గఱకు తఱిమితిని.

అతడు బ్యాటరీ ఋణతీగను ఊడదీసి, నా రంగు బోల్టును విప్పి నా చేతికి ఒక గరుకు కాగితము ముక్క ఇచ్చెను. నేనే గీకితిని. నల్లని అందమంతయు పోయి తెల్లని లోహము మెఱసెను. బిళ్లను లోహము మీద కూర్చుండబెట్టి బిగించి, ఆ పైన తడి తగులకుండ కొంచెము వాసెలైను పూసితిమి. తుప్పును ఆపవలెనన్నచో చేయవలసిన క్రమమిది: ముందు సంబంధము, తరువాత పూత. నేను తలక్రిందుగా చేసితిని. ప్లగ్గులను, గొట్టమును యథాస్థానమున బిగించి తాళము త్రిప్పగానే ఇంజను లేచెను. నెల దినములుగా వినబడిన మూలుగు కూడ లేదు.

అంతటితో కారు బాగుపడెను; నేను బాగుపడవలసి యుండెను. ఇంజను ఆడుచుండగనే గేటు దగ్గఱకు పోయి, తండ్రియు నా తల్లియు వినుచుండగా, "రంగు పూసినది నేను. బ్యాటరీని నీవు దింపలేదు, తీగలు నీవు చెడుగా బిగింపలేదు. నిన్ను అన్న మాటలన్నియు తప్పు. క్షమింపుము" అని వానితో చెప్పితిని. ఒక ఉపాధ్యాయుడు తన శిష్యునితో ఈ మాట చెప్పుట ఎంత కష్టమో ఆ నాడు తెలిసినది. మొదటి రెండు మాటలకు ఎవరో గొంతు పట్టుకొన్నట్లుండెను. వాడు నా ముఖమువైపు కొంతసేపు చూచి, "ఇప్పుడు పోదామా సార్?" అని మాత్రము అనెను. అంతకంటె పెద్ద క్షమాపణ పత్రము నాకు ఎవరును వ్రాసియీయలేదు.

నర్సాపురము, కౌడిపల్లి, కొల్చారముల మీదుగా మెదకు చేరితిమి. ప్రాతఃకాలారాధన ముగిసియుండెను. పగటి యారాధనకు మాత్రము అందుకొంటిమి. జనసమ్మర్దములో మా తల్లి ఆ బాలుని భుజము పట్టుకొని నడచి, దేవాలయపు రాతిగోడను అరచేతితో తాకి చాలసేపు నిలిచెను. నన్ను ఒక్కమాట అనలేదు. ఆమె కోరిన ఆ తెల్లవారుజాము మాత్రము తిరిగి వచ్చునది గాదు.

ఈ సందర్భమున నాకు బెర్తా బెంజ్ అను జర్మను వనిత వృత్తాంతము జ్ఞప్తికి వచ్చుచుండును. 1888 ఆగస్టులో ఆమె తన భర్త కార్ల్ బెంజ్ కనిపెట్టిన మోటారు బండిని, ఆయనతో చెప్పకయే, ఇద్దఱు కుమారులతో కూడ మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా నడిపించుకొనిపోయెను. దారిలో మెకానికులు లేరు, పెట్రోలు అంగళ్లును లేవు. వీస్‌లోఖ్ అను ఊరిలో ఒక మందుల అంగడిలో ఇంధనము కొనెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీ సూదితో పొడిచి బాగుచేసెను. నిప్పురవ్వ పుట్టించు తీగ తొడుగు అరిగిపోగా, తన మేజోడు కట్టును దానికి చుట్టి కాపాడెను. ఎత్తుల మీద కుమారులు బండిని తోసిరి. ఆమె విద్యుత్తును ఆపవలసిన చోట కట్టు చుట్టినది. నేను విద్యుత్తు పోవలసిన చోట రంగు పూసితిని. ఇద్దఱము చేసినది అడ్డుపెట్టుటయే. తగిన చోట అది తెలివి, తగని చోట అది చేటు. మఱియు ఆమె కుమారులను తోడు చేసికొనెను గాని దోషులను చేయలేదు.

కావున, ప్రియ విద్యార్థులారా, మీరును ఒకనాడు సైకిలో, నీటి పంపో, కారో విప్పుదురు. అనుభవించినవాడను గనుక కొన్ని మాటలు చెప్పుచున్నాను. బ్యాటరీని విప్పునపుడు ఋణతీగను ముందు విప్పి, బిగించునపుడు దానిని చివర బిగింపుడు. అట్లయినచో చేతిలోని పానా బండి దేహమునకు తగిలినను నిప్పురవ్వలు లేవవు. పని ముగియగానే, అవసరము వచ్చువఱకు ఆగక, అప్పుడే నడిపి చూడుడు. చిన్న పని జరిగినంతమాత్రమున పెద్ద పని జరుగునని నమ్మవలదు. నిన్నటిదాక నడచిన యంత్రము మీరు చేయి పెట్టిన తరువాత ఆగినచో, మీ చేయి చివర పెట్టిన చోటనే మొదట వెదకుడు. ఒకసారి ఒక్కటియే మార్చి ఫలితము చూడుడు. ఏదేని తీగ వేడెక్కినచో వెంటనే ఆపి, ఎందుకని యడుగుడు.

చివరి మాట పెద్దలకు, ముఖ్యముగా నావంటి ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును. ఇంటిలోను బడిలోను ఏదైన చెడినపుడు మన చూపు మొదట చిన్నవారి మీదికి పోవును. వారు ఎదురాడలేరు గనుక. యంత్రమునందు ఎర్తు తీగ యెట్టిదో, ఇంటిలో చిన్నవారి మాట అట్టిది. మన యొద్దనుండి పోయినది మేలో కీడో తిరిగి వచ్చి తెలుపు దారి అది. ఆ దారిని మన పెద్దఱికపు పూతతో మూసివేయకుందుముగాక. నేను గీకిన ఆ బోల్టును ఇప్పటికిని మరల రంగు వేయక అట్లే యుంచితిని. బానెట్టు ఎత్తినప్పుడెల్ల అది తెల్లగా మెఱయుచు కనబడును.